నేల ఎవరిది? - యూటా రాష్ట్రమున గార్ఫీల్డు కౌంటీ కథ

అమెరికా సంయుక్త రాష్ట్రముల పటములో ప్రభుత్వ భూములకు మాత్రమే రంగు వేసి చూచినచో ఒక వింత కనబడును. తూర్పు సగము దాదాపు తెల్లగనే మిగిలిపోవును. పడమటి సగమున రంగు చిక్కబడును. కొన్ని తావులలో తెల్లని చోటెక్కడ నున్నదో వెదకి పట్టుకొనవలసి వచ్చును. యూటా రాష్ట్రపు దక్షిణ భాగమునందలి గార్ఫీల్డు కౌంటీ అట్టి తావులలో నొకటి.

కౌంటీ యనగా మన జిల్లా వంటిది. అయితే మన జిల్లాకు ప్రభుత్వము నియమించిన కలెక్టరు ఉండునట్లు కాక, గార్ఫీల్డు కౌంటీ వ్యవహారములను ప్రజలెన్నుకొన్న ముగ్గురు కమిషనర్లు నడుపుదురు. దాని వైశాల్యము 5,000 చదరపు మైళ్లకు పైబడినది. 2020వ సంవత్సరపు జనాభా లెక్కలలో అక్కడి జనసంఖ్య 5,083. చదరపు మైలునకు సగటున ఒక్క మనిషి కూడ పూర్తిగా రాడు. మన వైపున ఒక్క పెద్ద గ్రామములో నుండు జనము అక్కడ జిల్లా యంతట చెదరి యున్నారన్నమాట. ఆ నేలలో నూటికి సుమారు తొంబది పాళ్లు దేశమునేలు సమాఖ్య ప్రభుత్వమునకు చెందినది. రాష్ట్ర ప్రభుత్వపు వాటా కూడ తీసివేయగా, సొంతదారుల చేతిలో నున్నది నూటికి ఐదు పాళ్లకు లోపే.

బంజరు, పోరంబోకు అను మాటలు మనకు కొత్తవి కావు. చెరువుగట్టు, మందబయలు, బండిబాట, వల్లకాడు - ఇవి ఎవరి పట్టాలోను చేరవు. అయినను ఊరివారందరును వాడుకొందురు. ఊరికి పదియెకరములు అట్టి నేల యున్నచో ఎవరును ఆశ్చర్యపడరు. కాని ఊరిచుట్టు కంటికి ఆనినంత మేర అదే అయినచో? ఆ నేలపై ఊరివారి హక్కెంత? ఆ ఊరిని ఏనాడును చూచి యెరుగని దూరపు పౌరుని హక్కెంత? గార్ఫీల్డు కౌంటీలో నూరేండ్లకు పైగా సాగుచున్న వివాదమంతయు ఈ ప్రశ్న చుట్టును తిరుగుచున్నది. మేము నేటి ప్రసంగమునకు ఈ కౌంటీని ఎన్నుకొనుటకు కారణమదియే. ఈ ప్రశ్న ఎట్లు పుట్టెనో తెలియవలెనన్న మొదట అక్కడి రాళ్లను పలుకరింపవలెను. ఈ కథలో మొదటి పాత్రలవియే.

గార్ఫీల్డు కౌంటీ కొలరాడో పీఠభూమి యనబడు విశాలమైన ఎత్తుప్రదేశములోనిది. దుప్పట్లు మడచి ఒకదానిపై నొకటి దొంతి పెట్టినట్లు అక్కడ రాతిపొరలు పేరుకొని యున్నవి. ఈ దొంతి ఉత్తరమునుండి దక్షిణమునకు పోవుకొలది మెట్లుమెట్లుగా దిగును. అందుచేతనే దానికి మహాసోపానమని పేరు వచ్చినది. పైమెట్టు గులాబిరంగు కొండచరియలు; వాని దిగువ బూడిదరంగువి; తరువాత తెల్లనివి; ఆపైన సిందూరపు రంగువి; అట్టడుగున ముదురు గోధుమవన్నెవి. పైమెట్లు గార్ఫీల్డులో నున్నవి. క్రిందిమెట్లు పొరుగుననున్న కేన్ కౌంటీ మీదుగా అరిజోనా రాష్ట్రములోని గ్రాండ్ కాన్యన్ దిక్కునకు దిగిపోవును. 1870 దశకమున ఈ ప్రాంతమును తిరిగి చూచి, శాస్త్రదృష్టితో వర్ణించినవారిలో క్లారెన్స్ డట్టన్ అను సైనికాధికారి ముఖ్యుడు. యూటాలోని ఎత్తైన పీఠభూములను గూర్చి ఆయన వ్రాసిన నివేదిక 1880లో వెలువడెను.

దొంతిలో అడుగుననున్నవి మొదట పరచినవి, పైనున్నవి తరువాతివి. ఎస్కలాంటే నది లోయలలో కనబడు లేతవన్నె ఇసుకరాయి సుమారు 19 కోట్ల సంవత్సరముల నాటిది. ఆనాడు అక్కడ మహా ఎడారి యుండెను. గాలికి కదలిన ఇసుకతిన్నెలు కాలక్రమమున గట్టిపడి రాయియైనవి. నేటికిని ఆ బండలపై ఏటవాలుగా గీతలు గీచినట్లు కనబడును. ఆ గీతలు ఒకనాటి గాలి నడచిన దారులు. దానికి ఎన్నో యుగముల తరువాత, ఉత్తర అమెరికా ఖండమును నడిమికి చీల్చుచు ఒక సముద్రము వ్యాపించెను. ఆ సముద్రపు పడమటి ఒడ్డున, బురదనేలలలో పెరిగిన వృక్షజాలము పొరలక్రింద అణగి బొగ్గుగా మారినది. అదియే కైపరోవిట్స్ పీఠభూమిలోని బొగ్గు. ప్రభుత్వ భూగర్భశాఖవారు 1996లో కట్టిన అంచనా ప్రకారము అచ్చట భూమిలోనున్న బొగ్గు 6,200 కోట్ల టన్నులు. ఈ అంకెను శ్రోతలు జ్ఞాపకముంచుకొనవలెను. దానితో తరువాత పని కలదు.

ఆ బొగ్గుపొరలకు పైనున్న రాళ్లలో, సుమారు ఏడున్నర కోట్ల సంవత్సరముల క్రిందటి రాక్షసిబల్లుల యెముకలు దొరకుచున్నవి. 2010లో శాస్త్రజ్ఞులు పేరుపెట్టిన కాస్మోసెరటాప్స్ అను జంతువు తలపై కొమ్ములును కొమ్ములవంటి మొనలును కలిసి పదునైదు. అంతటి అలంకారము గల తల మరియొక రాక్షసిబల్లికి అప్పటికి తెలియదు. ఆ జంతువు ఎముకలు దొరకినది ఈ ప్రాంతముననే.

సముద్రము తొలగిపోయిన పిమ్మట, సుమారు 5 కోట్ల సంవత్సరముల క్రిందట, అచ్చట సరస్సులును వాగులును ఏర్పడినవి. వాని అడుగున సున్నపు పదార్థమును సన్నని మట్టియు చేరి రాయియైనవి. అందులో కలిసిన ఇనుము త్రుప్పువన్నె నిచ్చెను. గులాబిరంగు మెట్టు అదియే. తరువాత భూమి అడుగునుండి ఒత్తిడి కలిగి ఆ ప్రాంతమంతయు పైకి లేచినది. పగుళ్ల వెంబడి విరిగి పెద్ద పెద్ద దిమ్మెలైనది. ఎత్తు పెరిగినందున వాగులకు వడి హెచ్చినది. వడి హెచ్చినందున కోత హెచ్చినది.

బ్రైస్ కాన్యన్ అను చోట ఈ కోత చిత్రవిచిత్రమైన పని చేసినది. అచ్చట అంచు సముద్రమట్టమునకు 8,000 మొదలు 9,000 అడుగుల ఎత్తున నున్నది. సంవత్సరములో దాదాపు సగము దినములు పగలు కరగిన మంచు రాత్రి మరల గడ్డకట్టును. నీరు గడ్డకట్టినప్పుడు ఉబ్బును. రాతిపగులులో దూరిన నీరు ఉబ్బి, మన రాతిపనివారు బండలో మేకు దిగగొట్టినట్లు, రాయిని చీల్చును. వాననీటికి సున్నము కరగును. ఈ విధముగా మొదట గోడలు, గోడలలో కిటికీలు, కిటికీల పైకప్పు కూలగా స్తంభములు మిగులును. ఆ స్తంభములు వేలకొలది నిలుచున్న పెద్ద గుంట అది. అంచు కూడ వందేండ్లలో కొన్ని అడుగుల చొప్పున వెనుకకు జరుగుచునే యున్నది. అనగా, మనుష్యులు తమది తమదని వాదులాడుకొను ఈ నేల తాను మాత్రము నిలకడగా ఉండుట లేదు.

కౌంటీ తూర్పుభాగమున హెన్రీ పర్వతములు కలవు. ఇవి దొంతిలో పుట్టినవి కావు. భూగర్భమునుండి కరగిన శిల పైకి వచ్చుచు, ఉపరితలమును చీల్చుకొని రాలేక, రాతిపొరల నడుమ చొరబడి, పైపొరలను గోపురమువలె ఉబ్బించినది. నూనెలో పూరీ పొంగుటను చూచినవారికి ఇది సుబోధము. 1875, 1876 సంవత్సరములలో గ్రోవ్ కార్ల్ గిల్బర్టు అను శాస్త్రజ్ఞుడు ఈ కొండలను పరిశీలించి 1877లో నివేదిక వ్రాసెను. భూమిలోనుండి వచ్చిన ద్రవశిల పైనున్న పొరలను పైకెత్తగలదని ఆయన నిరూపించెను. అట్టి కట్టడమునకు ఆయన పెట్టిన పేరే నేడు లాకోలిత్ అను రూపమున భూగర్భశాస్త్ర గ్రంథములన్నింట కనబడుచున్నది. ప్రపంచములోని విద్యార్థులు పాఠముగా చదువుకొను కొండలు, 1869లో జాన్ వెస్లీ పావెల్ కొలరాడో నదిలో పడవలపై పోవుచు చూచునప్పటికి పటములో లేనివి. వానికి కొంతకాలము పేరు కూడ లేదు. ఎస్కలాంటే నదిని 1872లో పావెల్ అనుచరుడు ఆల్మన్ థాంప్సన్ గుర్తించి పటమున కెక్కించెను. దేశపు ప్రధాన భూభాగమున చివరకు పటమున కెక్కిన నదియు, చివరకు పటమున కెక్కిన పర్వతశ్రేణియు ఈ రెండేనని చెప్పుదురు.

ఇట్టి రాతికట్టడమువలన కలిగిన ఫలితము గమనింపదగినది. ఎత్తైన చోట వాన కలదు, మంచు కలదు, అడవి కలదు. కాని చలికి పైరు నిలువదు. పల్లపు చోట వెచ్చదనము కలదు; నీరు లేదు. నీరున్న చోట లోయ యెంత లోతనగా, ఆ నీటిని పొలమునకు ఎక్కించుట మనుష్యమాత్రునికి సాధ్యము కాదు. వెచ్చదనమును, నీరును, మట్టియు మూడును కలిసిన తావులు లోయల మూలలయందు చేతివ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే. ఊళ్లు వెలసినదచ్చటనే. తక్కిన నేల ఎవరికిని అక్కరలేక మిగిలినది.

ఎవరికిని అక్కరలేదనుట సరి కాదు. బౌల్డర్ అను ఊరిలో త్రవ్వి తీసిన పురాతన గ్రామమొకటి కలదు. ఇంచుమించు తొమ్మిది వందల సంవత్సరముల క్రిందట అచ్చట మొక్కజొన్న పండించుకొని, కుండలు చేసికొని, రాతి ఇండ్లలో జనులు కాపురముండిరి. వారి తరువాత ఈ ప్రాంతమున సంచరించినవారు దక్షిణ పాయూట్ తెగలవారు. ఋతువును బట్టి కొండపైకి, లోయలోనికి మారుచు, వేట, గింజలు, దుంపలు, చేపలు ఆధారముగా జీవించిరి. కౌంటీకి ముఖ్యపట్టణమైన పాంగ్విచ్ పేరు వారి భాషలో పెద్ద చేప అను అర్థము గల మాటనుండి వచ్చినది. బ్రైస్ స్తంభములను గూర్చి వారు చెప్పుకొను కథ యొకటి కలదు. పూర్వమచ్చట మనుష్యులవలె కనబడు జీవులుండిరట. వారు దుష్ప్రవర్తన కలవారగుటచే, కొయోటీ, అనగా వారి కథలలో మాయలు నేర్చిన నక్క, వారినందరను రాళ్లుగా మార్చెనట. అందుకనే కొందరు నిలుచుండి, కొందరు కూర్చుండి యున్నట్లు ఆ రాళ్లు కనబడును. అహల్య కథ విని పెరిగిన మనకు ఈ కథ పరాయిదిగా తోచదు. ఈ నేలకు పేరును, కథయు, దారియు తెలిసినవారు పటము గీయువారు రాకమునుపే ఉండిరనుటకు ఇది సాక్ష్యము.

1847లో మార్మను మతస్థులు తూర్పునుండి వచ్చి యూటాలో కాలుపెట్టిరి. మరుసటి యేడు మెక్సికోతో జరిగిన సంధివలన ఈ దేశభాగమంతయు అమెరికా ప్రభుత్వపు అధీనమునకు వచ్చెను. పాయూట్లను అడిగినవారు లేరు. 1864లో పెరోవాన్ ప్రాంతమునుండి కొన్ని కుటుంబములు కొండ దాటి పాంగ్విచ్ చేరినవి. ఆ యేటి పైరు మంచుకు పోయెను. చలికాలమున తిండికి కరవు వచ్చెను. ఏడుగురు పురుషులు ఎడ్లబండితో కొండమీదుగా పెరోవానుకు పిండి తేబయలుదేరిరి. మంచు లోతుగా నుండుటచే బండిని మధ్యలోనే విడిచిరి. అడుగు పెట్టినచో నడుముదాక కూరుకుపోవు స్థితి. వారు ఒక దుప్పటిని మంచుపై పరచి, దానిపై మోకరించి ప్రార్థన చేసిరి. దుప్పటిపై తాము కూరుకుపోకుండుట గమనించిరి. ఒక దుప్పటి పరచి, దానిపై నడచి, వెనుకదానిని ముందునకు వేసికొనుచు, ఆ మంచు దాటి పోయి పిండి తెచ్చి బిడ్డలను బ్రతికించుకొనిరి. పాంగ్విచ్‌లో నేటికిని ఏటేటా ఆ నడకను స్మరించి ఉత్సవము జరుపుదురు.

ఈ ధైర్యమునకు ప్రక్కనే మరియొక జ్ఞాపకమును కూడ ఉంచవలసియున్నది. వలసవచ్చినవారికిని స్థానిక తెగలకును జరిగిన పోరాటముల కాలమున, 1866 ఏప్రిల్‌లో, గార్ఫీల్డుకు ఉత్తరముననున్న సర్కిల్‌విల్‌లో, గ్రామస్థులు తాము నిర్బంధించిన పాయూట్లను, స్త్రీలు పిల్లలతో సహా, చంపిరి. ఆ స్థలమున స్మారకచిహ్నము నెలకొల్పుటకు 2016వ సంవత్సరము దాక, అనగా నూటయేబది యేండ్లు పట్టెను. ఆ పోరాటముల భయముచేతనే పాంగ్విచ్‌వారు కూడ 1866లో ఊరు విడిచి, 1871లో మరల వచ్చిరి. 1876లో ఎస్కలాంటే ఊరు వెలసెను. 1882లో కౌంటీ ఏర్పడగా, ముందటి యేడు హంతకుని గుండుదెబ్బకు మరణించిన అధ్యక్షుడు జేమ్స్ గార్ఫీల్డు పేరు దానికి పెట్టిరి.

బ్రైస్ కాన్యన్ పేరు కూడ ఒక సామాన్యునిదే. ఎబెనీజర్ బ్రైస్ అను వడ్రంగి స్కాట్లాండులో పుట్టినవాడు. 1870 దశకమున కుటుంబముతో ఆ గుంట దిగువన కాపురముండి, కాలువ త్రవ్వి, కలప తెచ్చుటకు కొండవైపు బాట వేసెను. ప్రపంచము నేడు విమానమెక్కి వచ్చి చూచు ఆ దృశ్యమును గూర్చి, ఆవు తప్పిపోయినచో ఇంతకంటె పాడుచోటు మరి లేదని ఆయన అన్నట్లు చెప్పుకొందురు. ఈ మాటను హాస్యముగా తీసివేయరాదు. ఆవును వెదకువాని కన్నులకు ఆ స్తంభములు అడ్డు. చూచిపోవువాని కన్నులకు అవియే అందము. ఒకే నేలను రెండు జతల కన్నులు రెండు విధములుగా చూచుట అక్కడే ఆరంభమైనది. ఆయన 1880లో అరిజోనాకు వలసపోయెను. పేరు మాత్రము మిగిలెను.

ఇక చట్టముల సంగతి. 1862వ సంవత్సరపు హోమ్‌స్టెడ్ చట్టము ప్రకారము ఐదేండ్లు కాపురముండి సాగుచేసిన కుటుంబమునకు ప్రభుత్వము 160 ఎకరముల భూమిని దాదాపు ఉచితముగా ఇచ్చెడిది. వాన సమృద్ధిగా కురియు మధ్యరాష్ట్రములకు ఆ కొలత సరిపోయెను. గార్ఫీల్డు వంటి చోట నీరులేని 160 ఎకరములు ఒక కుటుంబమును పోషింపలేవు. ఈ సత్యమును మొదట గట్టిగా చెప్పినవాడు పావెల్. అంతర్యుద్ధములో ఒక చేయి పోగొట్టుకొనియు కొలరాడో నదిని దాటివచ్చిన ధీరుడాయన. 1878లో ఆయన ప్రభుత్వమునకు నివేదిక సమర్పించెను. యూటాలో నీరు పెట్టి సాగు చేయదగిన నేల నూటికి మూడు పాళ్లకు మించదని లెక్క చూపెను. కాలువక్రింద సేద్యమునకు 80 ఎకరములు చాలుననియు, పశువులను మేపు కుటుంబమునకు 2,560 ఎకరములు కావలెననియు సూచించెను. చట్టసభ ఆ సలహాను అంగీకరింపలేదు. పటమున చతురపు గళ్లు గీచి భూమిని పంచు పద్ధతియే నిలిచెను. ఫలితమేమనగా, రైతులు నీటి ప్రక్కనున్న కొద్ది నేలకు పట్టా పుచ్చుకొని, తక్కిన నేలలో పశువులను ఊరక తోలిరి. పట్టా వారిదికాదు, మేత మాత్రము వారిదే. ఆ మేతను ఆధారము చేసికొనియే ఊళ్లు బ్రతికినవి.

ఎవరిదియు కాని మేతకు కాపలా యుండదు. నేడు నీవు మేపకున్న రేపు మరియొకడు మేపును. గొఱ్ఱెలును, పశువులును కొండలపై గడ్డిని వేళ్లతో సహా తినివేసినవి. ప్రభుత్వము 1903లో అక్వేరియస్ పీఠభూమిని రక్షితారణ్యముగా ప్రకటించెను. అది పలు పేర్లు మారి 1944లో డిక్సీ జాతీయారణ్యములో కలిసెను. అడవుల వెలుపలి మేతనేలకు 1934లో టేలర్ చట్టము వచ్చెను. అప్పటినుండి మేతకు అనుమతిపత్రము, పశువుల సంఖ్యకు పరిమితి, రుసుము ఏర్పడినవి. 1936లో ఆవు నొకదానిని నెల దినములు మేపుటకు రుసుము ఐదు సెంట్లు. 1946లో ఈ నేలలను చూచుటకు బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజిమెంట్ అను శాఖ ఏర్పడెను. ఐనను, ఏనాటికైనను ఈ నేల ప్రజలకు పంచబడునను ఆశ కొందరికి లోలోపల మిగిలియే యుండెను. 1976వ సంవత్సరపు చట్టము ఆ ఆశకు తెరదించినది. ఇకమీదట ఈ భూములు సాధారణముగా ప్రభుత్వము చేతనే ఉండునని అందులో స్పష్టముగా వ్రాసిరి. పన్ను రాని నేల యెక్కువగా గల కౌంటీలకు పన్నుకు బదులు కొంత సొమ్ము చెల్లించు చట్టమును కూడ ఆ సంవత్సరమే చేసిరి.

పాఠశాలల కథ ఈ భూములతో ముడిపడి యున్నది. యూటా 1896లో రాష్ట్రమైనప్పుడు పంచబడని భూములపై తనకు హక్కు లేదని ఒప్పుకొనవలసి వచ్చెను. అందులకు ప్రతిగా, 36 గళ్లుగల ప్రతి చతురమునందును నాలుగు గళ్లు పాఠశాలల పోషణ కొరకు రాష్ట్రమునకిచ్చిరి. గడి యొకటికి 640 ఎకరములు. చదరంగపు బల్లపై చెదరిన పావులవలె ఆ గళ్లు ప్రభుత్వపు నేల నడుమ ఒంటరిగా పడియున్నవి. చుట్టును ఉన్న నేలకు ఒక నియమము వచ్చినచో, బడిపిల్లల నేల కూడ పనికిరాకుండ పోవును.

రోడ్లు వచ్చుటకు కూడ చాల కాలము పట్టినది. బౌల్డర్ గ్రామమునకు 1930 దశకము వరకు ఉత్తరములు కంచరగాడిదలపై వచ్చెడివి. ఊరి పాలమీగడ డబ్బాలలో వానిపైననే బయటకు పోయెడిది. ఆర్థికమాంద్యపు దినములలో ప్రభుత్వము నిరుద్యోగ యువకులతో నెలకొల్పిన దళమువారు 1933లో ఇరుప్రక్కల అగాధముగల కొండవెన్నుపై వంతెన కట్టి బాట వేసిరి. బ్రైస్ 1923లో జాతీయ స్మారకముగను, 1928లో జాతీయవనముగను ప్రకటింపబడెను. బడుగు పల్లెలకు యాత్రికుల సొమ్ము రుచి తెలిసెను.

ఇప్పుడు మనము జ్ఞాపకముంచుకొన్న బొగ్గు దగ్గరకు వత్తము. కైపరోవిట్స్‌లో గని త్రవ్వించు ప్రతిపాదన యొకటి 1990 దశకమున సాగుచుండెను. గని వచ్చినచో పనులు వచ్చుననియు, బడులకు ఆదాయము వచ్చుననియు స్థానికులు ఎదురుచూచుచుండిరి. 1996 సెప్టెంబరు 18వ తేదీన అధ్యక్షుడు క్లింటన్, 1906వ సంవత్సరపు పురాతన వస్తు సంరక్షణ చట్టము తనకిచ్చిన అధికారమును పురస్కరించుకొని, గార్ఫీల్డు, కేన్ కౌంటీలలోని సుమారు 17 లక్షల ఎకరములను మహాసోపాన-ఎస్కలాంటే జాతీయ స్మారకముగా ప్రకటించెను. ఆ ప్రకటన చేసినది యూటాలో కాదు. పొరుగు రాష్ట్రమైన అరిజోనాలో, గ్రాండ్ కాన్యన్ అంచున. బొగ్గు భూమిలోనే నిలిచెను. ఎస్కలాంటేలో అధ్యక్షుని దిష్టిబొమ్మను వ్రేలాడదీసిరి. అప్పటికే యున్న మేత అనుమతులను ప్రకటన తీసివేయలేదు. కాని తమను అడుగలేదను బాధ అనుమతిపత్రముతో తీరునది కాదు. చిక్కుపడిన బడిగళ్ల విషయము 1998లో పరిష్కారమైనది. రాష్ట్రము వానిని విడిచి, వేరొకచోట భూములను, 5 కోట్ల డాలర్ల సొమ్మును పుచ్చుకొనెను.

అటుతరువాత ఆ స్మారకపు ఎల్లలు అధ్యక్షులతోపాటు మారజొచ్చెను. 2017 డిసెంబరులో అధ్యక్షుడు ట్రంప్ దానిని ఇంచుమించు సగమునకు తగ్గించెను. 2021 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ పూర్వపు ఎల్లలను మరల నిలిపెను. 2022లో యూటా రాష్ట్రమును, గార్ఫీల్డు, కేన్ కౌంటీలును వ్యాజ్యము వేసినవి. 2023లో న్యాయస్థానము దానిని కొట్టివేయగా వారు పై న్యాయస్థానమునకు పోయిరి. 19 కోట్ల సంవత్సరముల ఇసుకరాయికి నాలుగైదేండ్లకొక కొత్త సరిహద్దు!

ఈ వివాదమున ఎవరి పక్షము న్యాయము? మేము తీర్పు చెప్పజాలము. కాని రెండు దిక్కుల మాటలను వినుట శ్రోతల ధర్మము. 2015లో గార్ఫీల్డు కౌంటీ కమిషనర్లు అత్యవసర పరిస్థితిని ప్రకటించిరి. వరద వచ్చి కాదు, అగ్నిప్రమాదమువలన కాదు. ఎస్కలాంటే బడిలో పిల్లలు తగ్గిపోవుచున్నారని. ఏడాది పొడుగున పనిలేక యువకులు వలసపోవుచున్నారనియు, దానికి భూములపై నిర్బంధములే కారణమనియు వారి వాదము. యాత్రికులకు గదులు ఊడ్చు పని వేసవిలో నుండును; సంసారమును నిలుపు పని కాదనునది వారి బాధ. మంచుపై దుప్పట్లు పరచి నడచినవారి మనుమలు ఊరు నిలుచునా యని అడుగుచున్నప్పుడు, ఆ ప్రశ్నను తేలికగా తీసికొనరాదు.

రెండవ దిక్కు మాటయు అంతటి బరువు గలదే. ఈ నేల పట్టా దేశప్రజలందరి పేర నున్నది. బడి మాస్టరు, కార్ఖానా కూలి, ఇంకను పుట్టని బిడ్డ - అందరును భాగస్వాములే. బొగ్గును ఒకసారి త్రవ్వి కాల్చవచ్చును. దానిపైనున్న రాళ్లలో దాగిన జంతువుల యెముకలు ఒకసారి చెడినచో మరల దొరకవు. గొఱ్ఱెలు కొండలను బోడి చేసిన కాలమును ఎరిగినవారు, కాపలా లేని నేల యెవరికిని మిగలదని కూడ ఎరుగుదురు. కాపలా కాసినందుననే మిగిలినది చాల కలదు. 1941లో ఎల్లోస్టోన్‌నుండి తెచ్చి ఆ ప్రాంతమున విడిచిన 18 అడవిదున్నలు తామై హెన్రీ పర్వతములకు చేరి మందగా వృద్ధిపొందినవి.

ఈ ఇద్దరి వాదమునడుమ మూడవవాని గొంతు వినబడక పోవుచున్నది. పాయూట్లకు ఈ నేలలో పట్టా లేదు, అనుమతిపత్రమును లేదు. 1954లో యూటా పాయూట్ తెగలలో కొన్నిటికి ప్రభుత్వము తన గుర్తింపును సైతము ఉపసంహరించెను. 1980లో మరల గుర్తించెను. ఆ మధ్య ఇరువదియారేండ్లలో వారికున్న కొద్ది భూమిలో చాలభాగము చేజారిపోయెను. తాతల కాలమునుండి మాది యనువారి తాతలకు ముందు, మరియొకరి తాతలుండిరి. నేల ఎవరిది యను ప్రశ్నకు ఎవరు జవాబు చెప్పినను, ఆ జవాబు ఎక్కడనుండి లెక్క మొదలుపెట్టినదో కూడ చూడవలెను.

పాయూట్ కథలోని జీవులు తమకున్నదానిని వినయముతో అనుభవింపనేరక రాళ్లైరట. ఆ రాళ్లు ప్రతి చలికాలమున కొంచెము కొంచెముగా రాలుచునే యున్నవి. పావెల్ మాటను 1878లో విని, నేల కొలతను నీటిని బట్టి నిర్ణయించియున్నచో, ఈ తగవు ఇంత ముదిరెడిది కాదేమో. నేలకు తగిన చట్టము చేయక, చట్టమునకు నేలను ఒదిగించబూనుటవలన వచ్చిన చిక్కు ఇది. ఈ పాఠము గార్ఫీల్డు కౌంటీకి మాత్రమే చెందినది కాదు. చెరువుగట్టును, మందబయలును కలిగియున్న ప్రతి ఊరివారును ఒకమారు తలపోయదగినది.